కాలువ గడ్డి

4 మే 1980

కేసముద్రంలో ఎరువుల దుకాణం వాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. రెండేళ్ళ కిందటిది. అచ్చువేసిన తేదీలు కొట్టేసి నా తేదీలు వేసుకుంటున్నాను. పదో తరగతి చదివినదాన్ని, ఈ ఇంట్లో నా చదువుతో ఎవరికీ పని లేదు, అందుకే నా కోసమే రాసుకుంటాను. మొగిలికి చదవడం రాదు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదంటారు గానీ, రాయకూడదని ఎవరూ అనలేదు.

అత్తమ్మకూ నాకూ పొద్దుటి నుంచి మాటల్లేవు. రొట్టె మాడిందని "సదువుకున్న చేతులు గట్లనే ఉంటయ్" అన్నది. రొట్టెకూ చదువుకూ ఏం సంబంధమో మా అత్తగారు చిలుకమ్మగారే చెప్పాలి.

11 మే 1980

మా చేను వెనకాల బీడు మీదికి మిషన్లు వచ్చాయి. ప్రాజెక్టు కాలువ మా ఊరి మీదుగానే పోతుందట. ఆ బీడును ఎవరూ ఎప్పుడూ దున్నలేదు. అంతా తంగేడు, గునుగు, మోకాలెత్తు గడ్డి. ఊరి మేకలన్నీ అక్కడే మేస్తాయి. మధ్యాహ్నానికల్లా అదంతా పోయి ఎర్రమన్ను బయటపడింది. తవ్విన మట్టి రెండు పక్కలా దిబ్బలు పోశారు.

మొగిలి కాలువ పనికి కుదిరాడు. అన్నం తింటూ "రెండేండ్లల్ల నీళ్ళొస్తయట. ఇగ మనం సుత వరే ఎయ్యాలె" అన్నాడు. అత్తమ్మ మజ్జిగ పోస్తూ "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అన్నది. నాకు నవ్వొచ్చింది. మాటల్లేవు కదా, మొహం పక్కకు తిప్పుకుని నవ్వాను.

24 ఆగస్టు 1980

దిబ్బల మీద కొత్త మొక్క మొలిచింది. ఇంతకుముందు ఈ ఊళ్ళో చూడలేదు. ఆకు మాచిపత్రిలా చీలికలు చీలికలుగా ఉంది. మిషన్ల చక్రాలకు అంటుకుని వచ్చిందని కొందరు, రైల్లో గోధుమ బస్తాలతో దిగిందని కొందరు. అందరూ కాలువ గడ్డి అంటున్నారు. నాకైతే బాగానే ఉంది. బోడి దిబ్బల్ని చూడలేక చస్తున్నాం, పచ్చగా ఏదో ఒకటి.

"మేక వాసన సూసి పక్కకు పోతాంది. మేక ముట్టని ఆకు మంచిదా పిల్లా?" అన్నది అత్తమ్మ.

మేకలేమన్నా డాక్టర్లా అన్నాను.

14 అక్టోబర్ 1980

మూడు రోజుల్లో సద్దుల బతుకమ్మ. మా వాడలో అత్తమ్మ పేర్చే బతుకమ్మే ఎత్తు, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. తెల్లటి గునుగు కట్టలు కట్టి, కొనలకు రంగులు అద్ది, వరస మీద వరస పేరుస్తుంది. ఈసారి గునుగు లేదు. కాలువ మింగేసింది. పొద్దున పోయి ఎండ నెత్తికెక్కేదాకా తిరిగి ఒడిలో పిడికెడు పూలతో వచ్చి గడపలో కూర్చుంది. ఆమె అట్లా చతికిలపడటం నేను చూడలేదు.

జాలేసింది. "అత్తమ్మా, దిబ్బల మీద కాలువ గడ్డి తెల్లగా పూసింది కదా. దాన్నే కట్టలు కట్టి పేరిస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"గది పువ్వానె?" అన్నది. కాసేపు ఆలోచించి కొడవలి తీసుకుని లేచింది.

17 అక్టోబర్ 1980

మా బతుకమ్మే ఎత్తు. పక్కింటి మల్లక్క కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. ఒడ్డున ఆడి చెరువులో సాగనంపాం. అత్తమ్మ అందరి ముందూ "నా కోడలు సెప్పిన ఉపాయం" అన్నది. నా కోడలు అన్నది.

20 అక్టోబర్ 1980

అత్తమ్మకు అరచేతులు దురద పెడుతున్నాయట. పూల రంగు పడలేదేమో.

6 జూలై 1981

పెసర చేలో కలుపు. సగం కలుపు, సగం కాలువ గడ్డే. దిబ్బల నుంచి చేలోకి దిగింది. దున్నినచోటల్లా లేస్తుంది. దున్నని గట్టు మీద పాత గరిక అట్లాగే ఉంది, దాన్ని ఇది ఏమీ చేయలేకపోయింది. అత్తమ్మ అదే అన్నది, "కదిలిచ్చిన మన్నులనే మొలుస్తాంది సూడు" అని. అయితే దున్నకుండా పంట ఎట్లా పండిస్తామో ఆమే చెప్పాలి.

పొద్దస్తమానం వంగి చేతులతో పీకింది. సాయంత్రానికి కనురెప్పలు వాచిపోయాయి. మెడ మీద ఎర్రగా దద్దుర్లు.

7 జూలై 1981

వద్దంటే వినలేదు. మళ్ళీ పోయింది. "సేను గడ్డిపాలైతాంటె ఇంట్ల కూసుండాల్నా?" అన్నది.

19 సెప్టెంబర్ 1981

చెరువు గట్టు కింద, నీళ్ళు తీసిన బురదలో కూడా మొలిచింది. అక్కడికి మిషన్ రాలేదు, కాలువ లేదు. గాలికి వచ్చి ఉంటుంది. కిందటేడు బతుకమ్మలో ఆ పూలు పెట్టాలన్న ఆలోచన అసలు ఎవరిదో గుర్తు లేదు. మల్లక్కదే అయి ఉంటుంది. అన్నిట్లో వేలు పెట్టే అలవాటు ఆమెకే ఉంది.

2 డిసెంబర్ 1981

వేపాకు, పసుపు, గంధకం కలిపిన కొబ్బరి నూనె. కంపౌండర్ ఇచ్చిన తెల్ల మలాము. ఎల్లమ్మకు మొక్కు. ఏది చేసినా నాలుగు రోజులు తగ్గుతుంది, మళ్ళీ చేలోకి పోతే మొదటికొస్తుంది. చేతుల చర్మం మందమైపోయి చెట్టు బెరడులా పగిలింది. రక్తం వచ్చేదాకా గోక్కుంటుంది. తల దువ్వనివ్వదు, మెడ తగిలితే అరుస్తుంది. నేనే దగ్గర కూర్చుని మెల్లగా చిక్కు తీస్తున్నాను. మాటల్లేకుండా ఉండే రోజులే మేలనిపిస్తుంది, అప్పుడు ఆమెకు తిట్టే ఓపికన్నా ఉండేది.

16 మార్చి 1982

కాలువలో నీళ్ళు రాలేదు. ఈ ఏడు కూడా రావట. కాలువ అడుగున నిలువెత్తు గడ్డి మొలిచింది. ఈ ఊరికి పారింది అదొక్కటే.

25 అక్టోబర్ 1982

అత్తమ్మ ఈసారి బతుకమ్మ పేర్చలేదు. చేతులు పూలు పట్టవు. నేనే తంగేడు నాలుగు రెమ్మలు, బంతిపూలు పెట్టి చిన్నది చేశాను. అయినా ముసుగు కప్పుకుని చెరువు దాకా వచ్చింది. ఆట అయ్యాక సత్తుపిండి పంచడానికి గిన్నె పట్టుకుని నిలబడింది. ఒక్కతి కూడా చెయ్యి చాపలేదు. మల్లక్క కోడలు పిల్లను చంకనెత్తుకుని దూరం జరిగింది. కుష్టు అని ఊళ్ళో అనుకుంటున్నారని నాకు తెలుసు. నా నోటికి ఏం వచ్చిందో అదంతా అనేశాను వాళ్ళను. అనకుండా ఉంటే బాగుండేది, నేను అరిచినకొద్దీ అత్తమ్మ తల ఇంకా దించుకుంది.

ఇంటికొచ్చి ఆ సత్తుపిండి మేమిద్దరమే తిన్నాం. ఆమె "తీపి జర ఎక్కువైంది" అన్నది. నాకు ఏడుపొచ్చింది.

30 అక్టోబర్ 1982

ఏమీ రాయాలని లేదు.

9 మార్చి 1983

వరంగల్ పోయి చర్మం డాక్టర్ కిషన్ రావు గారికి చూపించాం. ఆయన ముసుగు తీసి చూసీ చూడగానే "మీ చేన్ల కొత్త గడ్డి ఏమన్న మొలిచిందా?" అని అడిగాడు. కుష్టు కాదన్నాడు. ఆ గడ్డి పుప్పొడి గాలిలో తగిలినా చాలట. దానికి వయ్యారిభామ అని పేరట. ఎవడు పెట్టాడో ఆ పేరు, వాడి మొహానికి ఇంత పూయాలి.

"మాత్రలిస్తే తగ్గుతది. గడ్డి మధ్యల ఉన్నంత కాలం మళ్ళ వస్తది. ఎక్కువ రోజులు వాడితే మాత్రలే మనిషిని తింటయ్" అన్నాడు. "గడ్డి లేని ఊరికి పంపుతరా?"

మొగిలి నేల చూస్తూ "ఇప్పుడు గది లేని ఊరేడుంది సార్" అన్నాడు.

బస్సులో అత్తమ్మ ఒకటే మాట, "కుష్టు కాదన్నడు గదా. మల్లక్కకు సెప్పాలె."

13 మార్చి 1983

ఉంది. ఏటూరునాగారం అవతల అడవిలో మా ఆడబిడ్డ పూలమ్మ ఉంది. ఆమె మొగుడు వెంకట్రాజం అడవి శాఖలో వాచర్, అక్కడే క్వార్టరు. చుట్టూ వెదురు, టేకు. అక్కడ ఎవరూ దున్నలేదు, ఎవరూ తవ్వలేదు. అత్తమ్మ ముందు ససేమిరా అన్నది. "కొడుకుండంగ బిడ్డింట్ల కూసోని తింటే నలుగురేమంటరు?" అని. నలుగురూ సత్తుపిండికి చెయ్యి చాపని వాళ్ళే కదా అన్నాను. ఆ మాటకు లేచింది.

12 జూన్ 1983

మొగిలి పూలమ్మ ఇంటికి పోయి అత్తమ్మను చూసి వచ్చాడు. "అవ్వ మొకం తేటవడ్డదే. గోకుడు లేదు. పూలమ్మ పిల్లగానికి నెత్తి దువ్వుతాంది" అన్నాడు. కళ్ళు మాత్రం మసక అలాగే ఉందట, వాపు వచ్చీ పోయీ చూపు దెబ్బతిన్నది. ఫికర్ లేదు. చర్మం వచ్చింది, అది చాలు.

మూడేళ్ళలో ఇంత సంతోషం నేను ఎరగను.

18 అక్టోబర్ 1983

పండుగైంది. నేను బతుకమ్మ పేర్చలేదు. వెంకట్రాజం మార్కెట్ పని మీద కేసముద్రం వచ్చి ఇంటికి వచ్చాడు. చాయ్ తాగుతూ చెప్పాడు, సద్దుల నాడు అత్త గడపలో కూర్చుని ఏడ్చిందట. "అడివిల గునుగేడిదక్కా. టేకాకులు పెట్టి పేరుస్తమా? గునుగు లేని బతుకమ్మ బతుకమ్మనానె అని ఒకటే ఏడుపు" అన్నాడు.

ఆమె ఒళ్ళు బాగుపడింది. ఇంకేం కావాలి అనుకున్నాను. కానీ రోజంతా అదే గుర్తొస్తుంది.

4 డిసెంబర్ 1983

ఊరి చివర ఉప్పలయ్య జొన్న చేను అంచున గునుగు కొంచెం మిగిలింది. ఎండిన కంకులు కోసుకొచ్చాను. వాకిట్లో కట్టెతో కొట్టి రాల్చాను. గింజ ఆవగింజ కన్నా చిన్నది, నల్లగా నిగనిగలాడుతుంది. ఎంతో కొడితే చారెడు రాలింది. ఒక్క గింజ పోనివ్వలేదు. గాలికి పక్కకు ఎగిరినవి కూడా గోడ మూలల నుంచి చీపురుతో ఊడ్చి, చేటలో చెరిగి, గుడ్డలో మూట కట్టాను. వాకిలి చుట్టూ ఎండిన కాలువ గడ్డిని ముందే పీకేశాను. శుభ్రంగానే ఉంది.

అత్తమ్మ అక్కడ విత్తుకుంటుంది. వచ్చే పండుగకు ఆ అడవిలో నిలువెత్తు బతుకమ్మ పేరుస్తుంది.

19 ఫిబ్రవరి 1984

మేడారం జాతరకు పోయి, అక్కడి నుంచి పూలమ్మ ఇంటికి పోయి వచ్చాం. దారి పొడుగునా బండ్లు, లారీలు, బస్సులు, మనుషులు. అమ్మవార్లకు బెల్లం పెట్టి ఒకటే కోరుకున్నాను.

అత్తమ్మ మనిషే మారింది. బుగ్గలు మెత్తబడ్డాయి. నా చెయ్యి తీసి తన మెడ మీద పెట్టుకుని "సూడు, నున్నగైంది" అన్నది. గునుగు మూట ఇస్తే విప్పి, వేళ్ళతో గింజలు నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "మన మన్ను వాసనొస్తాంది బిడ్డా" అన్నది. కాపురానికి వచ్చాక ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు.

వానలు పడగానే విత్తుదామన్నారు. క్వార్టరు వెనకాల వెదురు కొట్టి, పొదలు పీకి, పలుగుతో తవ్వి పెద్ద మడి చేస్తానన్నాడు వెంకట్రాజం. అత్త అంటే ప్రాణం అతనికి.

8 జూలై 1984

మొగిలి పోయి వచ్చాడు. "మస్తు మొలిసినయ్. అవ్వ పొద్దుమాపు నీళ్ళు పోస్తాంది. కలుపు సుత తానే తీస్తాంది" అన్నాడు. ఆకులెట్లా ఉన్నాయి అని అడిగాను. "ఆకులు ఆకుల్లెక్కనే ఉన్నయ్" అన్నాడు. ఈ మనిషితో ఏం వేగను.

26 ఆగస్టు 1984

ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. ఎందుకో మనసు కుదురుగా లేదు.

అత్తమ్మ చెంబుతో మడి దగ్గరే ఉంది. నా గొంతు విని "వచ్చినవా బిడ్డా, సూడు నువ్వు తెచ్చిన గునుగు. ఎంత ఒత్తుగ లేసిందో" అన్నది. మడి నిండా నడుమెత్తు పచ్చదనం. అక్కడొకటి ఇక్కడొకటి గునుగు మొక్కలు, సన్నగా, ఎండ అందక పాలిపోయి. మిగిలినదంతా మాచిపత్రిలాంటి ఆకు. అప్పటికే తెల్లగా పూసింది.

చూస్తూ నిలబడ్డాను. తర్వాత మడిలోకి దిగి పీకడం మొదలుపెట్టాను.

అత్తమ్మకు చప్పుడు వినబడింది. "ఏం పీకుతానవ్?"

"కలుపు అత్తమ్మా."

"నేను తీసిన గదా పొద్దుగాల. గునుగు పీకెయ్యకు బిడ్డా, జర సూసుకో" అన్నది. మణికట్టుతో కన్ను రుద్దుకుంది. రెప్ప ఎర్రగా ఉంది. ఏమైంది అంటే "దోమ కుట్టింది" అన్నది.

పూలమ్మ, వెంకట్రాజం ఆ గడ్డిని ఎప్పుడూ దగ్గర నుంచి చూసినవాళ్ళు కాదు. అడవి మొక్కే ఏదో అనుకున్నారట. పూలమ్మను బావి దగ్గరికి పిలిచి చెప్పాను. ఆమె మొహం చూడలేకపోయాను. చేతనైనంత పీకి కాల్చాం. పీకుతుంటే గింజలు రాలి ఆ తవ్విన మట్టిలోనే పడుతున్నాయి. వెదురు డిపోకు బండ్లు పోయే బాట పక్కన కూడా నాలుగైదు మొక్కలు కనబడ్డాయి.

బాట పక్కన ఉన్నాయంటే అవి బండ్లతోనే వచ్చాయి. జాతర బండ్లు. ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వచ్చారు, ఎన్ని చక్రాలకు ఎంత మట్టి అంటుకుందో ఎవరు చూశారు.

28 ఆగస్టు 1984

చేటలో రెండుసార్లు చెరిగాను. నాకు బాగా గుర్తుంది.

9 సెప్టెంబర్ 1984

జాతర బండ్లే.

16 సెప్టెంబర్ 1984

డిపో నుంచి వచ్చిన డ్రైవరు కబురు చెప్పాడు. అత్తమ్మకు మెడ, చేతులు వాచాయట. అడవిలో దోమలు పెద్దవి. వాటికి వాపు రాదని ఎవరన్నారు.

23 సెప్టెంబర్ 1984

దోమలు కావు.

29 సెప్టెంబర్ 1984

వరంగల్ పోయి డాక్టరు గారిని కలిసి వచ్చాను. అక్కడి నుంచి ఇంకా లోపలికి ఎక్కడికైనా పంపండి అన్నాడు. ఇంకా లోపల మాకు ఎవరున్నారు? ఉన్నా అక్కడ ఇల్లు కట్టాలన్నా మన్ను తవ్వాల్సిందే కదా. తిరిగి వచ్చే దారంతా బస్సు కిటికీలో నుంచి చూశాను, రోడ్డు పక్కన మట్టి తీసిన ప్రతి గుంటలో ఉంది.

3 అక్టోబర్ 1984

మొగిలి అత్తమ్మను ఇంటికి తీసుకొచ్చాడు. తనే వస్తానన్నదట. "అక్కడ సుత గదే, ఇక్కడ సుత గదే. సచ్చేదేదో నా ఇంట్ల సస్త" అన్నదట. ముసుగు తీస్తే మొదటికన్నా ఎక్కువగా ఉంది. కళ్ళ సందులు కూడా కనబడటం లేదు. పండుగ రోజని మల్లక్క తొంగి చూసి వెళ్ళిపోయింది. ఈసారి నాక్కూడా ఎవరినీ తిట్టాలనిపించలేదు.

నూనె రాస్తుంటే అడిగింది. "అంత అడివిలకు ఎట్ల వచ్చె బిడ్డా అది?"

"జాతర బండ్లకు అంటుకుని వచ్చింది అత్తమ్మా" అన్నాను.

రెండో చేతికి నూనె రాశాను. నిద్రపోయిందనుకున్నాను.

"పోనీ తియ్యి" అన్నది. "తెచ్చినోళ్ళకేం ఎరుక, పాపం. మంచికే పోయిన్రు."

చేతులకు పాత చీర గుడ్డలు చుట్టి కట్టాను. నిద్రలో గోక్కుంటుంది.